పట్ట కింద చల్లదనం

తెల్లారితే లారీ వస్తుంది. మిరపకాయల్లో చెమ్మ మిగిలితే బూజు పట్టి ఏడాది పంట పోతుంది. అందుకే బొల్లాపల్లి దగ్గరి కల్లంలో కాపలా ఉన్న లింగమ్మ, పడుకోబోయే ముందు కుప్ప మీద కప్పిన టార్పాలిన్ పట్ట కింద చెయ్యి పెట్టింది. కాయల ఘాటుకు అరచేతులు మండుతున్నాయి గనుక మణికట్టు ఆనించి చూసింది. తడిగా తగిలింది.

"ఏమే నాగవేణీ, లెగు. కాయ తడిసింది."

కోడలు విసుక్కుంటూ లేచి వచ్చి, అక్కడి కాయలే గుప్పెడు తీసి ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"బాగానే ఎండాయత్తా. మన తోలుకి తడి తెలవదంట. చల్లగా తగిలితే తడనుకుంటామంట, టీవీలో చెప్పారు. నీకన్నీ భయాలే. పడుకో."

నాగవేణి మంచమెక్కి కళ్లు మూసుకుంది. లింగమ్మ మళ్లీ తడిమింది. కుప్పంతా పగటి ఎండకు ఇంకా వెచ్చగానే ఉంది. చల్లదనం ఆ ఒక్కచోటే. అది మనిషి పడుకున్నంత పొడవుంది.

తడే తెలియని ఒంటికి ఇంకా ఏమేం తెలియవో త్రికోటేశ్వరుడికే ఎరుక అనుకుని ఆమె విభూతి పెట్టుకుంది. పంటను వదిలి పోయేది లేదని పట్ట అంచు మీద బాసింపట్టు వేసి కూర్చుంది.

చాలాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత పట్ట కింద, ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు, గింజలు గలగలమన్నాయి.

"ఇంక ఊపమాకత్తా," అంది నాగవేణి కళ్లు తెరవకుండానే. "ఎండాయని చెప్పాగా."

లింగమ్మ రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. ఆమె పట్ట అంచును మోకాళ్ల కింద మరింత గట్టిగా నొక్కిపెట్టింది.