టేబుల్ కింది గొంతు

ఆ రోజు ఏజాక్స్ ఊళ్లోని ఆ ఇంట్లో ముగ్గురే ఉన్నారు. పైన ఇంటి యజమానురాలు అన్నపూర్ణ ఆంటీ. కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఇషిత, స్నేహ.

ఇషిత లిప్‌స్టిక్ సరిచూసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. స్నేహ మైకు పట్టుకుని టేబుల్ కింద దూరింది.

“భయమేస్తోందే” అంది స్నేహ.

“నీకెందుకే భయం? పోయిన ఇంటర్వ్యూల్లో కెమెరా చూడగానే నీకు మాట రాలేదనేగా, ఈసారి కనబడేది నేను. నువ్వు మెల్లగా మాట్లాడు, నేను పెదాలు కదుపుతా. అప్లికేషన్ ఎలాగూ నీ పేరు మీదే ఉంది. వచ్చే నెల నీ వర్క్ పర్మిట్ అయిపోతుంది, ఈ జాబ్ కూడా పోతే ఇక ఇండియా ఫ్లైటే.”

తెర మీదికి మేనేజర్ వచ్చాడు. పైథాన్ ప్రోగ్రామింగ్ ప్రశ్నలతో మొదలుపెట్టాడు.

“క్లాస్‌లో ఒక విలువ ఉంది. అదే పేరుతో ఒక ఆబ్జెక్ట్‌కి వేరే విలువ ఇస్తే, క్లాస్‌లోది మారుతుందా?”

“మారదు. ఆ ఆబ్జెక్ట్‌కి సొంతంగా ఇంకొకటి ఏర్పడుతుంది. ఆ పేరుతో అడిగితే అదే పలుకుతుంది. క్లాస్‌లోది ఉంటుంది కానీ, అక్కడి నుంచి కనబడదు.”

కింద స్నేహ గొంతు. పైన ఇషిత పెదాలు.

“క్లాస్‌లో ఉన్నది లిస్ట్ అయితే? ఒక ఆబ్జెక్ట్ ద్వారా అందులో ఏదైనా చేరిస్తే?”

“అందరికీ చేరుతుంది. లిస్ట్ ఒక్కటే కదా.”

మేనేజర్ తలూపాడు. అంతలో పైనుంచి అన్నపూర్ణ ఆంటీ కేక.

“స్నేహా! డ్రయర్‌లో నీ బట్టలు తియ్యమ్మా!”

టేబుల్ కింద స్నేహ మైకును చేత్తో మూసేసింది. ఇషిత మాత్రం తొణకలేదు. పిలిచింది తననే అన్నట్టు చిరునవ్వుతో మెట్ల వైపు చెయ్యి ఊపింది.

ఆ వారంలోనే ఆఫర్ వచ్చింది. పని ఇంటి నుంచే. మొదటి రోజు మాత్రం ఓక్‌విల్ ఆఫీసుకు రావాలన్నారు.

ఇద్దరూ గట్టిగా కౌగిలించుకున్నారు. ఇషిత తన కాఫీ షాపు ఏప్రన్ తీసి చెత్తబుట్టలో పడేసింది.

“ఏయ్, రేపు షిఫ్ట్ ఉందిగా?”

“చూద్దాంలే.”

“ఆఫీసులో నిజం చెప్పేద్దామా?” అంది స్నేహ.

“పిచ్చా నీకు? ఇద్దరం వెళ్దాం. నువ్వు నోరు తెరవకు. మాటలన్నీ నేను చూసుకుంటా.”

సోమవారం రైల్లో దారి పొడుగునా స్నేహ ఇషిత చేయి వదల్లేదు.

ఆఫీసు తలుపు తెరిచిన మేనేజర్ “వెల్‌కమ్, స్నేహా!” అంటూ ఇషితకు చేయి చాచాడు, ఇషిత ఆ చేయి అందుకుని లోపలికి వెళ్లి, అసలు స్నేహ ముఖం మీదే తలుపు మూసేసింది.