డెల్వార్ ఎన్నోవాడు?

అన్ని కాలాల మిడిల్‌వెయిట్ బాక్సర్లలో బెల్జియం డెల్వార్ ఎన్నోవాడని సన్యాసిరావు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ గోడని అడుగుతాడు. "ఏడోవాడండీ," అంటుంది గోడ. అతని మనసులో ఉన్నదీ అదే. ఇంటింటి గోడా ఆ ఇంటివాళ్ల మనసెరిగి జవాబు చెప్పడం మొదలెట్టాక విశాఖలో వాదించేవాడే కరువైపోయాడు.

ఒక్క అప్పలకొండ ఉండేవాడు. ఇద్దరూ ఒకప్పుడు ఓడరేవు జట్టులో బాక్సింగ్ ఆడినవాళ్లే. "నలభయ్యోవోడు! తూలుతున్నోణ్ణి కొట్టకుండా వెనక్కి తగ్గినోడు గొప్పోడేటిరా?" అని టీ గ్లాసు బల్లకేసి కొట్టేవాడు. "అలా తగ్గేడు కాబట్టే గొప్పోడ్రా!" అని సన్యాసిరావు ముప్పై ఏళ్లపాటు అరుస్తూనే ఉన్నాడు.

అప్పలకొండ చనిపోయిన మూడు నెలలకి సన్యాసిరావు వాళ్లింటికి వెళ్లాడు.

"వదినా, మీ గోడని ఒక్క మాట అడగనా?"

"అడగండి బాబూ. ఆయన పోయేక దాన్ని పలకరించినోరే లేరు," అందావిడ.

ఈ గోడ అప్పలకొండ మనసెరిగినది. నలభయ్యే అంటుంది. సన్యాసిరావు కుర్చీ ముందుకు లాక్కుని, గొంతు సవరించుకుని, ఎన్నాళ్లకో పిడికిలి బిగించాడు.

"చెప్పు, డెల్వార్ ఎన్నోవాడు?"

ఆ గదిలో ఏళ్ల తరబడి విన్న అతని గొంతుని గోడ గుర్తుపట్టింది.

"ఏడోవాడండీ, సన్యాసిరావు గారూ. మీ మాటే నిజం."

బిగించిన పిడికిలి ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు. వెనక్కి తగ్గేవాడిలో గొప్పేముందని మొదటిసారి అనిపించింది.

"నలభయ్యోవోడేరా, అప్పలకొండా," అన్నాడు మెల్లగా.

"అవునండీ," అంది గోడ, "నలభయ్యోవాడే."