మెత్తటి కట్టు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పుకునే కథ కాదిది.

చెప్పుల కొట్టు యజమాని ఇంట్లోకి వచ్చేసరికి నర్సు అతని తల్లి కాలికి కట్టు విప్పుతోంది. గోడ గడియారంలో పదకొండున్నర.

"మీ ఎనిమిది ఇప్పుడయిందా?" అన్నాడతను గుమ్మంలోనే నిలబడి.

నర్సు తల ఎత్తలేదు. "ఆలస్యమైందండీ."

ఒకప్పుడు వీధంతా ఆమెను గడియారం నర్సు అనేవారు. మంచం పట్టిన ముసలివాళ్ళకు ఇంటికి వచ్చి కట్లు మార్చడం ఆమె పని. సర్కారు ఆసుపత్రి వ్యాను దిగితే ఎనిమిది కొట్టినట్టే. తెల్ల కోటు మీద మరక ఉండేది కాదు. ఈ ముసలమ్మకు షుగరు, మడమ మీద పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చకపోతే కాలు దక్కదని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. అలాంటిది, కొన్ని నెలలుగా ఆ నర్సు ఎండలో నడిచి వస్తోంది. కోటు లేదు, వేళాపాళా లేదు.

"ఆ పేలికలేంటి? ఆసుపత్రి గుడ్డ ఏమైంది?" అన్నాడు కొడుకు.

నర్సు నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది. "నా పాత చీర నేనే చింపించానురా. మరిగించి ఆరేసింది. మెత్తగా ఉంది. ఆ ఆసుపత్రి గుడ్డ ఒరుసుకుంటోంది."

"మరి రిజిస్టరు? వచ్చినప్పుడల్లా నీ వేలిముద్ర వేయించుకునేదిగా."

"పోనీలేరా. వేలికి సిరా అంటక హాయిగా ఉంది."

అమ్మ మెతకదనం చూసుకునే వీళ్ళిలా తయారయ్యారనుకున్నాడు. నర్సు చేతులు సబ్బు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. అదీ చూశాడు.

"ఇంట్లో అంట్లన్నీ తోముకుని తీరిగ్గా వస్తున్నట్టున్నావు. మేం కట్టే పన్నుతోనే నీ జీతం, నర్సమ్మా. ఆ మాట గుర్తుంటే చాలు."

నర్సు ముడి వేసింది. కాలిని మెల్లగా దిండు మీద పెట్టి వెళ్ళిపోయింది. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

పన్ను మాట అతని నోట ఊరికే రాలేదు. ఆ ఏడు బేరాలు చచ్చిపోయాయి. ఊళ్ళో మిల్లు మూతపడ్డాక, తెగిన చెప్పులు కుట్టించుకునేవాళ్ళే గాని కొత్తవి కొనేవాళ్ళు లేరు. వ్యాపారులందరినీ కూడగట్టి, పన్ను తగ్గించమని ఊరేగింపు తీసింది అతనే. సర్కారు సగానికి సగం తగ్గించింది. అబద్ధమెందుకు, ఆ పుణ్యానే అతని కొట్టు తలుపులు తెరిచి ఉన్నాయి. "పన్ను తగ్గించింది మావాడే" అని తల్లి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసేది. తర్వాతెందుకో ఆ మాట మానేసింది.

పన్ను తగ్గిన రోజు పక్క కొట్టు దర్జీ ఒక్కడే అన్నాడు. "బాగుంది గాని అన్నా, సగం గుడ్డ నీకిచ్చేశాక సర్కారు చొక్కాకు చేతులెక్కడివి? ఖజానాకు లోటు పడదూ?"

"పడితే పని చెయ్యనివాళ్ళను పీకేస్తారు. అదే పూడుతుంది," అని నవ్వాడు చెప్పుల కొట్టతను.

నర్సును కసిరిన మర్నాడు ఫిర్యాదు రాసుకుని ఆసుపత్రి ఆఫీసుకు బయలుదేరాడు.

"వద్దురా," అంది తల్లి. చెయ్యి పట్టుకుంది కూడా. "పుండు మానుతోంది కదా. ఇప్పుడు ఆఫీసులూ అవీ ఎందుకు?"

"నీకందరి మీదా జాలే," అని చెయ్యి విడిపించుకున్నాడు.

ఆఫీసులో గుమాస్తా కాగితం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఎవరి మీదండీ ఇది?"

"మా వీధి నర్సు మీద. వేళకు రాదు, కోటు వేసుకోదు."

"ఇళ్ళకు వెళ్ళే నర్సులు ఇప్పుడు లేరండీ. పన్ను తగ్గించాక లోటు పూడ్చడానికని పన్నెండు మందినీ తీసేశారు. నాలుగు నెలలైంది. ఈవిడ పొద్దున పూట హోటల్లో అంట్లు తోముతోందని విన్నాను." కాగితం తిరిగిస్తూ అడిగాడు. "మీ ఇంటికింకా వస్తోందా?"

అతను ఫిర్యాదు కాగితం మడిచాడు. గోరంత అయ్యేదాకా మడుస్తూనే ఉన్నాడు. చెప్పులమ్ముకునేవాడు, ఆఫీసు గుమ్మంలో తన చెప్పులు మరిచి వట్టి కాళ్ళతో ఇల్లు చేరాడు.

"ఆమెకు జీతం లేదటమ్మా," అన్నాడు మంచం పక్కన కూలబడి. "నాలుగు నెలలుగా ఊరికే వస్తోందట. రేపు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?"

గోడవైపు తిరిగి పడుకున్న తల్లి ఇటు తిరగలేదు.

ఇంతే కథ. గుర్తుంచుకుని మీరూ నలుగురికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం తప్పంతా కొడుకు నెత్తినే రుద్దకండి.

ఆ తల్లికి మొదటి రోజే తెలుసు.