నిన్ననే చెప్పింటే

“మేడం, మార్కుల లిస్టు ఈ పొద్దే కావల్ల. లేకుంటే నా సీటు పోతాది.” ఆళ్లగడ్డ నుంచి వచ్చిన జాహ్నవి ఏడుస్తోంది.

క్లర్కు భరణి ఏమివ్వగలదు? ఎవరో ఆన్‌లైన్ దొంగలు ఆ నంద్యాల కాలేజీ కంప్యూటర్లన్నిటిలో దూరి మార్కులకు తాళం వేశారు.

లోపల ప్రిన్సిపాల్, కంప్యూటర్ ల్యాబు చూసే ఇమ్రాన్ మీద అరుస్తున్నాడు. “పాస్‌వర్డులు నీకే తెలుసు. పోలీసులను పిలుస్తాండా.”

భరణి లోపలికి పరుగెత్తింది. “ఇమ్రాన్ కాదు సార్. నిన్న మధ్యాహ్నం మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కింది నేను. ఉద్యోగం పోతాదని చెప్పలేకపోయినా.”

ఇమ్రాన్ కోప్పడలేదు. “లింకు ఎవరైనా నొక్కుతారక్కా. అప్పుడే చెప్పింటే మిగతా కంప్యూటర్ల నెట్ తీగలు పీకేసేవాణ్ణి. పిల్లోల్ల మార్కులన్నా మిగిలేవి.”

నిన్న సాయంత్రం ఇంటికి పోతూ అతను ఆమె బల్ల దగ్గర ఆగి, “ఏమన్నా పనుందా అక్కా?” అని అడిగాడు.

“ఏం లేదప్పా,” అని తనే పంపించేసింది.