అంగుళానికి పావు తక్కువ

"అక్షరం ఎత్తు ముప్పావు అంగుళమే ఉంది, మిస్ ఆల్బీనా. చట్టం అంగుళం ఉండాలంటుంది. ఈ బోర్డు చెల్లదు."

థర్మన్ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. హోటల్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, కిటికీ పక్కన కూర్చుని, కాఫీ, ఆప్రికాట్ కొలాచీ తెమ్మన్నాడు. ఆల్బీనా చేతి కొలాచీ బన్నులంటే మూడు ఊళ్ల అవతల నుంచి కూడా వస్తారు.

ఆల్బీనాకి ఒళ్లు మండిపోయింది. కిందటి చలికాలం ఎవరో వేటగాడు కోటు విప్పుతుంటే నడుముకున్న తుపాకీ జారిపడి పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ కాఫీ యంత్రానికి చిల్లు పడింది. ఇక తన హోటల్లోకి తుపాకీ రాకూడదని ఆమె ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. టెక్సాస్‌లో ఒట్టు పెట్టుకుంటే చాలదు. థర్మన్ లాంటి లైసెన్సున్నవాడు చొక్కా కింద దాచుకుని దర్జాగా వస్తాడు. వద్దనాలంటే తలుపు మీద చట్టం చెప్పినట్టే బోర్డు ఉండాలి.

ఆ చట్టం ఈ ఊళ్లో థర్మన్‌కి తెలిసినంత జడ్జికి కూడా తెలియదు. నలభై ఏళ్లు భూములు కొలిచి రిటైరైన మనిషాయె!

"బళ్లోకి తీసుకెళ్లకూడదు, కోర్టులోకి కూడదు, గుర్రప్పందేల దగ్గరికి కూడదు," అంటూ వేళ్లు మడిచాడు. "మందు మీదే సగానికి పైగా సంపాదించే బార్లోకి అసలు కూడదు. చర్చి అంటారా, పాస్టర్ గారిష్టం. మీ హోటలంటారా, మీ ఇష్టం. ఆ ఇష్టం మాత్రం అంగుళం ఎత్తుండాలి. లేదంటే నోటితో పొమ్మన్నా చెల్లుతుంది. అనండి, ఇప్పుడే లేస్తాను."

ఆల్బీనా నోరు తెరిచింది. ఆయన కొలాచీ ఇంకా సగమే తిన్నాడు. తింటున్న మనిషిని లేవగొట్టడం ఆమె ఇంటావంటా లేదు.

"తినండి. వచ్చే మంగళవారానికి అంగుళం అక్షరాలే ఉంటాయి, చూస్తూండండి."

మంగళవారానికి అంగుళం అక్షరాలు పెట్టింది. థర్మన్ కొలిచి తల ఊపి, "మరి స్పానిష్ ఏదీ? రెండు భాషల్లోనూ ఉండాలి," అన్నాడు. ఆ వారం గసగసాల కొలాచీ తిన్నాడు.

తర్వాతి వారం స్పానిష్ వచ్చింది. "తెలుపు మీద పసుపా? నా కంటికి గోడే కనబడుతోంది," అన్నాడు. ఆ పై వారం బోర్డుకు అడ్డంగా చర్చి విందు కాగితం అంటించి ఉందని పట్టుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ కాసేపు ఎక్కువే కూర్చున్నాడు. పోయిన భార్య గురించి చెప్పాడు. పోయిన తన మొగుడు ఎంత ఘోరంగా పాడేవాడో ఆల్బీనా చెప్పింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"బోర్డు రాయడానికి చెవులకు ముత్యాలెందుకు, పిన్నీ?" అన్నాడు అక్క కొడుకు డెల్విన్. వాడు షెరీఫ్ దగ్గర డిప్యూటీ, పోలీసు ఉద్యోగం.

"నోర్మూసుకుని తిను."

అయినా పంతం పంతమే. అయిదోసారి ఆమె పట్నంలో అచ్చు వేయించింది. థర్మన్ రెండుసార్లు కొలిచాడు. ఇంగ్లీషు చదివాడు, స్పానిష్ కూడబలుక్కున్నాడు. చివరికి టోపీ తీశాడు.

"ముచ్చటగా ఉంది, మిస్ ఆల్బీనా. వంక పెట్టడానికేం లేదు."

గెలిచానని ఆమె పొంగిపోయింది. తుపాకీ బండిలో పెట్టి వస్తాడులెమ్మని కప్పులో కాఫీ కూడా పోసింది. బయట ఇంజను చప్పుడైంది. బండి వెళ్లిపోయింది.

మరుసటి మంగళవారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆల్బీనాకి ఏడుపొచ్చింది. ఆ ఇనప ముక్కను పది నిమిషాలు వదిలి కూర్చోలేడా? తన కన్నా, తన కొలాచీల కన్నా అదే ఎక్కువైపోయిందా? పోతే పోయాడని పిండి మీద కసి తీర్చుకుంది. ఆ రోజు బన్నులు రాళ్లలా వచ్చాయి.

మూడో మంగళవారం హోటల్ తెరవకముందే ఆమె చాకు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లింది. చుట్టూ చూసి, బోర్డులో ఒక వరుస అక్షరాల కాళ్లు గీకేసింది. ఒట్టు గట్టు మీద పెట్టానని సిగ్గేసింది గానీ చెయ్యి ఆగలేదు.

పదిన్నరకి థర్మన్ బండి వీధిలో నెమ్మదిగా పోతూ పోతూ టక్కున ఆగింది. ఆయన దిగి టేపు తీశాడు.

"అక్షరాలు అరిగినట్టున్నాయి, మిస్ ఆల్బీనా."

"ఎండకి," అంది ఆమె, ఎటో చూస్తూ.

"ఎండకి అరుగుతాయి," అని నలభై ఏళ్ల అనుభవంతో ఒప్పుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆల్బీనా ఆయన ముందు రెండు కొలాచీలు పెట్టింది.

అంతలో డెల్విన్ యూనిఫారంలో కాఫీకి దిగాడు. ఆల్బీనా ఒక్క అంగలో ఎదురెళ్లింది. వాణ్ని చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఒరే, నీకు దణ్ణం పెడతా, థర్మన్ గారి జోలికి వెళ్లకు. బోర్డు అంగుళం లేదు, కావాలంటే కొలుచుకో. లోపల తుపాకీ ఉన్నా ఆయన తప్పేం లేదు."

డెల్విన్ చొక్కా సర్దుకుంటూ ఆమె వంక వింతగా చూశాడు.

"ఆయనకున్న ఒక్కగానొక్క తుపాకీ నాలుగేళ్ల కిందటే నాకు అమ్మేశాడు కదా, పిన్నీ!"