పేరు కొట్టించిన డబ్బా

"తొక్కు కవర్ల ఎయ్యి గౌసియా. గంత పెద్ద డబ్బా నేనేడ పెట్టుకోవాలె?" సామాన్ల వ్యాన్‌లో కూర్చున్న బాలమణి కిటికీలోంచి చేయి చాపింది.

"కవరా? తోబా తోబా!" కింద నిలబడ్డ గౌసియాబీ స్టీలు డబ్బాను గుండెకు హత్తుకుంది. "నీ నోటితోటి కవరంటవా అక్కా? మోరీలల్ల ఇరుక్కుంటది, బర్లు తింటయ్, భూమి ఖరాబైతది. గివన్ని చెప్పిందెవరు?"

చెప్పింది బాలమణే. కూరగాయలకు గుడ్డసంచి, మటన్ దుకాణానికి స్టీలు గిన్నె పట్టుకెళ్లమని ఆ గద్వాల గల్లీలో ఇంటింటికీ తిరిగి పోరింది. బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు కాక మురుగు మోరీలో పోస్తే ఊరుకునేది కాదు. ఆమె మాట వినని మొండిఘటం పక్కింటి గౌసియాబీ ఒక్కతే. చేతులూపుకుంటూ బజారుకు పోయి, చేతుల నిండా కవర్లతో వచ్చే మనిషి. ఆ ఇద్దరూ గొడవపడని రోజు లేదు. గొడవయ్యాక ఒకే గడప మీద కూర్చుని చాయ్ తాగని రోజూ లేదు.

ఇప్పుడు బాలమణి ఇల్లు ఖాళీ చేసి నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గరికి పోతోంది.

"సామాన్లన్ని కట్టేసినమే. గీ ఒక్కసారికి కవర్ల ఇయ్యి," బతిమాలింది.

"ఒక్కసారి, ఒక్కసారి అనుకుంటనే మోరీలన్ని నిండినయని నువ్వే అంటివి."

డ్రైవరు పక్కనున్న అల్లుడు నరేందర్ పకపకా నవ్వాడు. "అత్తమ్మా, నీ పాఠం నీకే అప్పజెప్తుంది. తీస్కో, ఎండ ఎక్కుతుంది."

బాలమణి గొణుక్కుంటూ డబ్బా అందుకుంది. పాతకాలపు గట్టి డబ్బా. మూత మీద గౌసియాబీ పేరు కొట్టించి ఉంది.

"గిది నీ పెండ్లిల పెట్టిన డబ్బా గదనే! మొన్న ఎదురింటి జోగులమ్మ అడిగితే లేదంటివి."

"ఆమెకు లేదు, నీకుంది. మల్ల ఎప్పుడొస్తవ్ అక్కా?"

బాలమణి ముఖం తిప్పుకుంది. "ఏమొస్త? ఇల్లు లేకపాయె, పొయ్యి లేకపాయె. గద్వాలల ఇగ నాకేం పనుంది?"

గౌసియాబీ కొంగుతో వ్యాన్ తలుపు మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

ఇంజను మోగింది. వ్యాన్ కుదుపుకు డబ్బాలో ఏదో అటూ ఇటూ దొర్లింది. తొక్కు దొర్లడమేమిటని బాలమణి మూత తీసింది. అంత పెద్ద డబ్బా అడుగున, గట్టిగా ముడేసిన ప్లాస్టిక్ కవరు. అందులో పిడికెడు చింతకాయ తొక్కు.

"ఆపమను నరేందర్, బండి ఆపమను! ఓసి దొంగదానా, తొక్కు కవర్లనే ఉంది గదనే! మరి గింతసేపు బర్లని, భూమని నన్నెందుకు సతాయిస్తివి? గీ డబ్బా ఎందుకిస్తివి?"

గౌసియాబీ అప్పటికే నాలుగడుగులు వెనక్కి జరిగింది. డబ్బా ఎక్కడ తిరిగి చేతిలో పెడుతుందోనని చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

"కవరైతే ఆడనే పారేస్తవ్ అక్కా. పేరున్న డబ్బా అయితే వాపస్ తేవాలె. ఇగ గద్వాలల నీకు పనుంది."