రోడ్డు మీద స్పానిష్

సిరిసిల్ల పొలిమేరలో బస్సు ఆగిపోయింది.

ముందు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు మండుతున్నాయి. తెలంగాణ కోసం ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే వండాలి, రోడ్డు మీదే తినాలి. సాయంత్రం దాకా బండి కదలదని చెప్పేసి, కండక్టర్ తనూ కట్టెలు ఎగదోయడానికి దిగిపోయాడు.

కోరుట్ల నుంచి వస్తున్న నీలకూ దిగక తప్పలేదు.

మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో ఆమెకు స్పానిష్ మాట్లాడే పరీక్ష. గట్టెక్కితే విమానాశ్రయంలో ఉద్యోగం. రాయమంటే పేజీలు నింపేస్తుంది గానీ, ఎదుట మనిషి ఉంటే నోరు పెగలదు.

అందులోనూ ఆ మర్యాద ఆజ్ఞలొకటి. పెద్దవాళ్లకు పని చెప్పేటప్పుడు మాటలోనే గౌరవం పలకాలి. 'నాకు', 'దాన్ని' లాంటివన్నీ తెచ్చి ఆ మాట తోకకే అతికించాలి. కన్నతండ్రినే 'కూసో నాయినా' అనే ఇంటి పిల్లకు ఇదంతా ఎక్కడిది?

మూసి ఉన్న టీకొట్టు బల్ల మీద చేరి, కళ్లు మూసుకుని వల్లె వేసింది.

"సియెంతెసే... సియెంతెసే..." కూర్చోండి అని.

పక్కన ఎవరో కూర్చున్నారు.

చూస్తే, జుట్టు నెరిసిన తెల్లదొరసాని. నేతచీర కట్టుకుంది. నువ్వు కూర్చోమన్నావు, నేను కూర్చున్నాను అంది, అచ్చమైన స్పానిష్‌లో.

నీల బల్ల మీంచి దిగ్గున లేచింది. స్పెయిన్ మనిషిని చూడటం అదే మొదలు. ఎలాగో కూడబలుక్కుని పరీక్ష సంగతీ, తన భయం సంగతీ చెప్పుకుంది.

దొరసాని అంతా విని లేచింది. పొయ్యిల దగ్గరి ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, కాసేపటికి ఉల్లిగడ్డల గంపతో తిరిగి వచ్చింది. పని చెప్పు అన్నట్టు చూసింది.

"కోర్తెలస్," అంది నీల ఉల్లిగడ్డలు చూపించి. వాటిని కోయండి అని.

ఆమె కోసింది.

"దేమెలో." అది నాకివ్వండి.

ఆమె కత్తి అందించింది. నీలకు నవ్వొచ్చింది. ఇంత సులువా ఇది?

మధ్యాహ్నానికి నీల ఆ రోడ్డుకంతటికీ దుబాసీ అయిపోయింది. బగారన్నం వండుతున్న హబీబుద్దీన్ ఉప్పు చూడమని అడిగించాడు. నీల "ప్రుయెబెలో" అంది. దొరసాని రుచి చూసి ఏదో చెప్పింది. ఉప్పు తక్కువైందట అని నీల దర్జాగా ప్రకటిస్తే, హబీబుద్దీన్ బుద్ధిగా తలూపి ఉప్పేశాడు.

మరమగ్గాలు నడిపే ఇంటి సాయమ్మ, మీ దేశంలో కూడా మగ్గాలున్నాయా అని అడిగించింది. పిల్లలు, ముసలివాళ్లు ఎగబడి ప్రశ్నలు వేశారు. ఒకతను మాత్రం మొహం తిప్పుకుని నవ్వుతున్నాడు. తన యాసకేనేమో అనుకుంది నీల. నవ్వితే నవ్వనీ, ఇవాళ ఆమెకు ఎవరి భయమూ లేదు.

పొద్దు వాలాక దారి వదిలారు. దొరసాని నీల తల నిమిరి బస్సెక్కించింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ నీల సంతోషం పట్టలేకపోయింది. బస్సు ఊరు దాటాకే ఆమెకు దిగులు పట్టుకుంది.

సిద్దిపేటకు పోతూ అదే బస్సెక్కిన సాయమ్మ పక్కనే ఉంది.

"అక్కా, గామెకు మన మాట రాదు. ఒక్కతి ఎట్ల పోతదో ఏమో. నేనన్న ఎవరికన్న అప్పజెప్పి రాకపోతి."

సాయమ్మ పొద్దుటి నుంచీ ఆపుకున్న నవ్వంతా ఒక్కసారే నవ్వేసింది.

"గామె మా వాడ దవాఖాన్ల నర్సమ్మనే బిడ్డా. నేను పుట్టకముందు సంది ఈన్నే ఉంటది, మా అమ్మకు కాన్పు చేసి నన్ను తీసింది గూడ గామెనే. 'పొల్ల భయం బుగులు పోవాలె, నాకు తెలుగు వస్తదని ఒక్కలు గూడ చెప్పకుండ్రి' అని పొద్దుగాల్నే మా అందరితోని ఒట్టేపిచ్చుకున్నది."